ఏ కొండో తేలేలోపు డిగ్రీ అయిపోయింది

పాసయ్యాను! బి.ఏ. పాసయ్యాను! నన్ను ఏళ్లతరబడి ఏడిపించిన ఇంగ్లీషు పేపరుతో సహా అన్నీ పాసయ్యాను! మా వంశంలో వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చినవాడు మా నాయన. సంతకం దాటి డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేను. ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను కాబట్టి ముందు మీకు చెప్పేస్తున్నాను.

ఈ రోజు శుక్రవారం, నాకు సెలవు. కువైట్‌లో మహబూలా అనే పేటలో మా బామ్మర్ది శివయ్య ఉండే గదికి వచ్చాను. గదిలో రెండంతస్తుల మంచాలు, మంచాల మధ్య ఆరేసిన లుంగీలు, లుంగీల కింద పొయ్యి, పొయ్యి మీద కోడికూర. ఆ పొగలో కళ్లు తుడుచుకుంటూ ఫోన్‌లో రిజల్టు చూశాను. కళ్లు పొగకే తడిశాయని మిగతావాళ్లతో చెప్పాను.

"బావా, ఇంగోసారి చూడు. నెంబరు నీదేనా?" అన్నాడు శివయ్య.

"నాదేరా."

"పాసంటే పూర్తిగానా? ఇంగా ఏమన్నా మిగిలుండాయా?"

"ఏం మిగల్లేదురా. ఖలాస్."

పై మంచం మీద నుంచి నిజామాబాద్ గంగారాం తల వేలాడేశాడు. "అన్నా, ఒక్క మాటడుగుత. డిగ్రీ పాసైనోళ్లు గిన్నెలు తోముతరా, తోమరా? ఇయ్యాల వంతు నీదే మల్ల."

గిన్నెలు తోమాను. ఇంత ఆనందంగా ఎప్పుడూ తోమలేదు. చేతులు తుడుచుకుని అందరికీ ఫోన్లు చేద్దామని కూర్చున్నాను. ఫోన్‌లో పైనే ఉన్న పేరు 'బాబా'. మా యజమాని. ఇల్లంతా ఈ వారం సముద్రం ఒడ్డున షాలే అనే విడిదింట్లో ఉన్నారు. నా చదువుకు దారి ఇచ్చినవాడు, ముందుగా తెలియాల్సినవాడు ఆయనే. కానీ నొక్కబోయిన వేలు అక్కడే ఆగిపోయింది. ఈ కబురు విని ఆయన సంతోషిస్తాడా, కంగారుపడతాడా? ఈ అనుమానం మీకు అర్థం కావాలంటే నేను ఆ ఇంట్లో చేరిన కొత్తల్లోకి వెళ్లాలి.

అప్పుడు నాకు మీసాలు తప్ప ఇంకేమీ పూర్తిగా రాలేదు. రాజంపేటలో ఇంటరు గట్టెక్కి, పై చదువుకు దారిలేక, ఇఖామా అనే నివాస అనుమతి మీద కువైట్ వచ్చాను. అబూ సాలెం అనే పెద్దాయన, అంటే ఈ బాబా ఇంట్లోనే, దివానియా పని. దివానియా అంటే ఇంటికి ఆనుకుని, వేరే వాకిలితో, మగవాళ్లు సాయంత్రాలు చేరే పెద్ద గది. గోడల పొడుగునా పరుపులు, దిండ్లు, నడుమ తివాచీ. ఆ గది వెనకున్న చిన్న టీ గది నా రాజ్యం. సాయంత్రపు అసర్ నమాజు అయిందంటే నా పని మొదలు. కాఫీగింజల్ని లేతగా, గోధుమరంగు తిరగకముందే దించెయ్యాలి. ఏలకులు దంచాలి, చిటికెడు కుంకుమపువ్వు వెయ్యాలి. మరిగే కాఫీ వాసన, నిప్పుల మీద వేసిన బఖూర్ సాంబ్రాణి వాసన కలిసి నా చొక్కాకు పట్టుకుంటే, సెలవుకు ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచినా ఆ గదే గుప్పున వచ్చేది. ఎడమచేతిలో కాఫీ కూజా, కుడిచేతిలో బొమ్మరిల్లు ఆటకు సరిపోయేంత చిన్న చిన్న కప్పులు. ఒక్కో కప్పులో రెండు గుక్కలు. తాగగానే మళ్లీ పొయ్యాలి.

ఎప్పుడు ఆపాలో మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు. మొదటి వారం ఈజిప్టు పంతులుగారు ఒకాయన కొత్తగా వచ్చాడు. ఆయన తాగుతూనే ఉన్నాడు, నేను పోస్తూనే ఉన్నాను. చాలనడం ఎట్లాగో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. పొయ్యకపోతే అమర్యాదని నేను, తాగకపోతే అమర్యాదని ఆయన. చివరికి ఆయన చెయ్యి దానంతటదే వణికేసరికి కూజా ఖాళీ అయింది, నింపుకురావడానికి నేను లోపలికి పరిగెత్తాను.

లోపల వంటింట్లో మేరమ్మక్క. రాజోలు దగ్గరి మనిషి, మేం మామా అని పిలిచే యజమానురాలి దగ్గర ఎన్నో ఏళ్లుగా వంటచేస్తున్నది. సంగతి విని గరిటె పట్టుకునే నవ్వింది. "ఓరి నీ తస్సాదియ్యా! కప్పు ఇలా ఊపితే చాలని అర్థంరా తమ్ముడూ. ఊపనంతసేపూ పొయ్యాల్సిందే. పాపం ఆ మేష్టారు ఈ రాత్రి పడుకుంటాడనుకుంటున్నావేంటి?"

అట్లా నాకు కప్పు భాష ఒక్కో అక్షరమే వచ్చింది. అది వచ్చాక చదువు మీద మళ్లీ ఆశ పుట్టింది. మొదటి సెలవులో దూరవిద్యలో బి.ఏ.కు కట్టి వచ్చాను. పాఠాలు ఇక్కడ చదువుకోవచ్చు. పరీక్షలకు మాత్రం ఏడాదికోసారి ఊరికి పోవాలి. బాబా ఉదారంగా చెయ్యి ఊపాడు. "చదువు మంచిది. పరీక్షలకు పంపిస్తా, ఇన్షాల్లా."

అంతా బాగానే ఉండేది, ఆ తల రాకపోయివుంటే.

ఆ తల వచ్చింది బాబా చిన్నాన్న కొడుకు దివానియాకు. అమెరికాలో ఎల్క్ అని ఒక జంతువు ఉంటుంది. మా శేషాచలం అడవిలో తిరిగే కణితి లాంటిదే గానీ గుర్రమంత ఉంటుంది. కొమ్ములు ఎండిన చింతచెట్టును తలకిందులుగా నెత్తిన పెట్టుకున్నట్టుంటాయి. దాన్ని తనే కొట్టానని చెప్పి ఆ తలను ఆయన గోడకు బిగించాడు. అది చూసి వచ్చిన సాయంత్రం మా బాబా కాఫీ సగంలో వదిలేశాడు. మర్నాడే షువైఖ్ నుంచి వడ్రంగిని పిలిపించి, దివానియా గోడ మధ్యలో ఏనుగును కట్టినా ఊడనంత లావు మేకు కొట్టించాడు. జంతువు సంగతి తర్వాత.

"మనమూ పోదాం. కానీ గైడ్ వద్దు" అన్నాడు బాబా. "మా వాడు గైడ్‌ను పెట్టుకున్నాడు. గైడ్ చూపిస్తే ముసలమ్మ కూడా కొడుతుంది. మనంతట మనమే దారి చూసుకుని, మనంతట మనమే కొట్టాలి."

"మనంతట మనమే!" అన్నారు అందరూ. అందరంటే ముఖ్యంగా ఇద్దరు. ఒకరు అబూ ఫహద్, రిటైరైన ఆఫీసరు. ల్యాప్‌టాప్ ఎక్కడుంటే ఆయన అక్కడ. ఇంకొకరు మర్జూక్. మనిషి ఎంత లావో మనసు అంత మెత్తన. మోకాళ్లు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి.

"ఎంతమంది పోతాం?" అన్నాడు మర్జూక్.

"ముగ్గురమే" అన్నాడు అబూ ఫహద్. "బండికి డ్రైవరు. గుడారానికి ఇంకో మనిషి. వంటకు ఓబూల్."

ఓబూల్ అంటే నేను, ఓబులేసును.

"అంటే ఆరుగురం కదా?"

"కాదు. ముగ్గురమే. మనంతట మనమే."

అమెరికా తిండి మర్జూక్‌కు పడదట. కాబట్టి కొండ మీద మచ్బూస్ అనే మాంసపు అన్నం వండడానికి నేను ఉండి తీరాలి. నాకు అమెరికా వాళ్లు వీసా ఇస్తారా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ఇక మిగిలింది ఒకటే చిన్న విషయం. ఏ కొండకు పోవాలి?

ఆ చిన్న విషయం చుట్టూ నా యౌవనం గడిచిపోయింది. గోడంత టీవీలో అబూ ఫహద్ మ్యాపు పెట్టేవాడు. కొలరాడో అయితే లాటరీ లేకుండా నేరుగా పర్మిట్ కొనుక్కోవచ్చన్నాడు. "అందుకే అక్కడ జంతువుల కంటే వేటగాళ్లు ఎక్కువట. మనుషుల్ని చూడాలంటే ఇక్కడ మార్కెట్ లేదా?" అని బాబా కొట్టేశాడు. మోంటానా బాగుందనుకునేలోపు అక్కడ పెద్ద ఎలుగుబంట్లు ఉంటాయని తేలింది. మర్జూక్ దిండు మార్చుకున్నాడు. వయోమింగ్‌లో కొన్ని అడవుల్లోకి బయటివాళ్లు గైడ్ లేకుండా అడుగుపెట్టకూడదని చట్టమట. అది విని దివానియా మొత్తం తనకే అవమానం జరిగినట్టు లేచి కూర్చుంది. న్యూ మెక్సికోకు లాటరీ తగలాలి. పైగా ఫొటోలు చూసి, "ఇది మన ఎడారే కదా! ఎడారి చూడ్డానికి సముద్రాలు దాటాలా?" అన్నారు. ఐడహో కొండలు మరీ నిటారు. నడక మొదలుపెట్టిన చోటే మర్జూక్‌ను దింపేసి, తిరుగుదారిలో ఎక్కించుకోవాలి.

ఒక్కోసారి తేలిపోయినట్టే ఉండేది. అప్పుడు తలుపు తోసుకుని ఎవరో ఒకరు "సలామలేకుం" అంటూ వచ్చేవారు. వచ్చినవాడికి కాఫీ పొయ్యడం నా మర్యాద, అభిప్రాయం అడగడం బాబా మర్యాద. ఆయన దజీజ్‌లో గోడౌన్ నడిపేవాడు కావచ్చు, దుప్పిని బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా చూసి ఉండకపోవచ్చు. అయినా "మీరేమంటారు?" అని అడగాల్సిందే. ఆయన "నన్నడిగితే కొలరాడో" అనాల్సిందే. మళ్లీ మొదటికి.

నాకు మా జేజినాయన గుర్తొచ్చేవాడు. ఆయనకు రెండు కుక్కలు, ఒక వల. ఎక్కడికి పోవాలన్న చర్చ ఆయనకు ఉండేదే కాదు. ఇంటిముందు ఒకటే గుట్ట. పొద్దున పుల్ల నములుతూ ఆ గుట్టకేసి చూసి, "ఈ పొద్దు చెవులపిల్లి కూర" అనేవాడు. సాయంత్రం వట్టిచేతులతో వచ్చి, "ఈ పొద్దు చింతాకు పప్పు" అనేవాడు. గైడ్ లేని వేటంటే నాకు తెలిసింది అదే.

నవ్వులాటే అయితే ఎన్నేళ్లయినా పోస్తూ ఉండేవాణ్ని. కానీ ఆ జంతువు వేట కాలమూ మా పరీక్షలూ ఒకే అదనులో వచ్చేవి. మొదటి ఏడు సెలవు అడిగితే బాబా, "ఆగు ఓబూల్. వచ్చే వారం టికెట్లు తీస్తున్నాం. నువ్వు ఊరికి పోతే ఎట్లా?" అన్నాడు. ఆగాను. వచ్చే వారం ఇంకో అతిథి వచ్చాడు. పరీక్షలు అయిపోయాయి. రెండో ఏడూ అదే కథ. ఎవరూ అమెరికాకు పోలేదు, నేను రాజంపేటకూ పోలేదు.

పైగా తర్ఫీదు మొదలైంది. జంతువు పడితే మాంసాన్ని మనమే మోసుకుని కొండ దిగాలట. కువైట్‌లో కొండ ఎక్కడ తెచ్చేది? పెద్ద మాల్ పక్కనున్న అంతస్తుల కారు పార్కింగే మా కొండ. ముందు అబూ ఫహద్ మెడలో దుర్భిణితో, వెనక బాబా చేతికర్రతో, వాళ్ల వెనక బియ్యం బస్తా వీపున కట్టుకుని నేను. బస్తా అంటే దుప్పి తొడ అనుకోవాలి. కింద అంతస్తులో మా వెంట బయల్దేరిన మర్జూక్ మేం పైకి చేరేసరికే అక్కడ నిలబడి ఉన్నాడు, చేతిలో ఐస్‌క్రీమ్. "మీరు రాంపు మీద వస్తే నేను గుట్ట వెనక నుంచి వచ్చాను" అన్నాడు. గుట్ట వెనకున్నది లిఫ్టు. బస్తా మోస్తూ నేను ఇంగ్లీషు వ్యాసాలు వల్లె వేసుకునేవాణ్ని. నోరు కదలడం చూసి అబూ ఫహద్, "వీడికి ఊపిరాడటం లేదు, గాలి పల్చబడినట్టుంది" అన్నాడు. అది రెండో అంతస్తు.

మూడో ఏడు స్టడీ సెంటర్ నుంచి కబురొచ్చింది. ఈసారి కూడా పరీక్షకు రాకపోతే నమోదు రద్దవుతుంది. రాసిన నోట్సు, కట్టిన ఫీజు, మోసిన బస్తా అంతా గంగపాలు. సరిగ్గా అదే వారం దివానియాలో ఐడహో గాలి బలంగా వీస్తోంది.

వంటింటి గుమ్మంలో కూర్చుని మేరమ్మక్కతో వాపోయాను. "ఏం చేద్దునక్కా? అడిగితే ఇన్షాల్లా అంటాడు. రెండోసారి అడిగితే బుక్రా, రేపు చూద్దాం అంటాడు."

"ఆళ్లు ఎల్లేదీ లేదు, నిన్ను ఎల్లనిచ్చేదీ లేదు" అంది అక్క, ఉల్లిపాయలు తరుగుతూ. "మొన్న జహ్రా నుంచి ముసలాయనొచ్చాడు చూడు, కప్పు ముందెట్టుకుని తాక్కుండా కూచున్నాడూ? ఏమైందాయన సంగతి?"

నిజమే. నేనే పోశాను ఆయనకు. ఆయన కప్పు తాగలేదు, ఊపలేదు, తివాచీ మీద పెట్టి చేతులు మోకాళ్ల మీద వేసుకున్నాడు. బాబా ముఖం గంభీరంగా మారి, "తాగు. అడిగింది ఇచ్చినట్టే" అన్నాడు. అప్పుడు గానీ ఆయన కప్పెత్తలేదు. కొడుకు పెళ్లికి పిల్లనడగడానికి వచ్చాడట. కోరిక ఉన్న అతిథి కప్పు కింద పెడితే, ఆ కాఫీ చల్లారేలోపు మాట ఇవ్వకపోవడం ఇంటికే మచ్చ.

"నేను అతిథిని కాదు కదక్కా."

"ఆ కప్పుకేం తెలుసురా నువ్వెవరివో?"

మర్నాటి సాయంత్రం టీవీలో ఐడహో పర్వతాలు. అందరికీ పోశాను. తర్వాత ఎప్పుడూ చెయ్యని పని చేశాను. ఇంకో కప్పు తీసి నాకు నేను పోసుకుని, వెళ్లి బాబాకు ఎదురుగా తివాచీ అంచున కూర్చుని, కప్పు ముందు పెట్టి, చేతులు మోకాళ్ల మీద వేసుకున్నాను. గుండె దంచుడు రోలులో ఏలకుల్లా ఉంది.

"వీడేంటి, కూర్చున్నాడు?" అన్నాడు అబూ ఫహద్.

"బస్తా మోసి కాళ్లు నొప్పేమో పాపం" అన్నాడు మర్జూక్.

బాబా నా కప్పు వంక చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆయన ముఖంలో నవ్వు రాబోయి ఆగింది.

"ఇది అతిథికి కదా!" అబూ ఫహద్ గొంతు లేచింది. "పనివాడు అతిథి ఎట్లా అవుతాడు?"

"కాఫీ కూడా వాడే పోసుకున్నాడు. ఇంటాయన పోయిస్తే కదా లెక్క?" అన్నాడు మరొకాయన.

"పోసేవాడు వాడే అయితే ఇంకెవరు పోస్తారయ్యా?" అన్నాడు మర్జూక్. "తివాచీ మీద కూర్చున్నాడు. తివాచీ మీద కూర్చున్నవాడు అతిథే."

అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. "సలామలేకుం!"

"రండి. పనివాడు కప్పు కింద పెట్టొచ్చా? మీరేమంటారు?"

నా ప్రాణం పోయింది. ఇది కొలరాడో దారి పట్టింది. నా కాఫీ మీద ఆవిరి పల్చబడుతోంది. వచ్చే వారానికి వాయిదా వేస్తారు, నా నమోదు రద్దవుతుంది, నేను ఈ తివాచీ మీదే ముసలివాణ్నవుతాను.

బాబా చెయ్యెత్తాడు. ఏ కొండ విషయంలోనూ ఆ చెయ్యి లేవడం నేను చూడలేదు. "చాలు. తాగు ఓబూల్. అడిగింది ఇచ్చినట్టే."

గడగడా తాగేశాను. నాలుక కాలలేదు, అంతగా చల్లారింది. "బాబా, వచ్చే వారం మా ఊళ్లో పరీక్షలు. పోవాలి. ఈసారి పోకపోతే చదువు ఖలాస్. వేటకు నేను రాలేను."

బాబా గోడమీది మేకు వంక చూశాడు.

"అయితే... కొండ మీద వంట ఎవరు చేస్తారు?" అన్నాడు నెమ్మదిగా.

మర్జూక్ నిటారుగా కూర్చున్నాడు. "అవును! వంటవాడు లేకుండా ఎట్లా పోతాం? పోలేం!" ఆ గొంతులో పండగ వినిపించింది.

అబూ ఫహద్ ల్యాప్‌టాప్ టప్పున మూసేశాడు. "చదువుకునే పిల్లవాడి దారికి అడ్డం పోతామా? ఐబ్! సిగ్గుచేటు. ఐడహో ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది."

"ఈ ఏటికి ఖలాస్" అన్నాడు బాబా. ఆ మాట అన్నాక ఆయన దిండుకు ఆనుకున్న తీరు చూడాలి. మొదటి వాన పడినప్పుడు ఎడారి అట్లా కుదుటపడుతుంది. ఆ సాయంత్రం తెచ్చిన ఖర్జూరాలన్నీ అయిపోయాయి. అప్పుడు నాకు తెలిసింది. ఏ కొండకు పోవాలో వాళ్లకు తేలకపోవడం కాదు, తేలుతుందేమోనని వాళ్లందరికీ భయం. నా టికెట్ బాబానే తీశాడు.

అప్పటి నుంచి అది ఆనవాయితీ అయింది. వేట కాలం దగ్గరపడగానే ఎవరైనా అడిగితే, "ఓబూల్‌కు పరీక్షలు, ఈ ఏడు కుదరదు" అని బాబా ఎంతో విచారంగా చెప్పేవాడు. ఆ చిన్నాన్న కొడుకు వెక్కిరించినా అదే జవాబు. నేను ఇంగ్లీషులో తప్పినప్పుడు నాకంటే ముందు మర్జూక్ తేరుకుని, "మాఫీ ముష్కిల్! ఏం ఫర్వాలేదు, వచ్చే ఏడు మళ్లీ రాయొచ్చు" అంటూ మిఠాయి తెప్పించాడు. పరీక్ష తప్పినందుకు మిఠాయి తిన్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే. రెండోసారి తప్పినప్పుడు పెద్ద డబ్బా వచ్చింది.

ఇప్పుడా దివానియాలో అంత జనం లేరు. కుర్రవాళ్లు కాగితం గ్లాసుల్లో పాలకాఫీ ఫోన్‌లో ఆర్డర్ చేసి తెప్పించుకుంటున్నారు. ఆ గ్లాసును ఎంత ఊపినా అర్థమేమీ లేదు. మర్జూక్‌కు కొత్త మోకాళ్లు వేశారు, కానీ ఆ సంగతి ఐడహోకు తెలియనివ్వడు. అబూ ఫహద్ దగ్గర ఇప్పుడు చెట్లను కూడా లెక్కపెట్టే మ్యాపు ఉంది. బాబా గడ్డానికి రంగు వేసుకోవడం మానేశాడు. నా మీసం కూడా నెరిసింది. ఆ మేకు మాత్రం అక్కడే ఉంది. నా పాఠాల సంచీ దానికే తగిలిస్తుంటాను. ఇన్నేళ్లలో అది మోసిన బరువు అదొక్కటే.

ఇదీ నా వేలు ఆగిపోయిన కారణం. వాళ్ల వేటకు అడ్డంగా ఉన్న ఒకే ఒక్క కొండ నా డిగ్రీ. ఈ మధ్యాహ్నం అది కూలిపోయింది. పాపం, వాళ్లకింకా తెలీదు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

రమణమ్మ, నా పెండ్లాం. గంట నుంచి ఎంగేజ్. చెల్లెలితో మాట్లాడుతుంటుంది. పాసైనానని చెబితే, "పాసయితావని మొన్నే చెప్తి కదా" అంటుంది.

మేరమ్మక్క. ఇప్పుడు రాజోల్లో మనవళ్లతో ఉంది. "ఆ కప్పు నేనెట్టించిందేరా!" అని వీధంతా వినబడేట్టు అరుస్తుంది. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాలి.

స్టడీ సెంటర్ ఇంగ్లీషు సారు. 'నేను చెయ్యదలచిన ప్రయాణం' అని వ్యాసం అడిగితే, మర్జూక్ మోకాళ్లతో సహా ఐడహో గురించి నాలుగు పేజీలు రాశానని చెప్పాలి.

ఆ ఈజిప్టు పంతులుగారు. నెంబరు ఇంకా పనిచేస్తుంటే.

స్టడీ సెంటర్ ఆఫీసు. ఎం.ఏ. అడ్మిషన్లు ఎప్పటిదాకానో కనుక్కోవాలి. ఇది తర్వాతిదానికంటే ముందే చెయ్యాలి, మర్చిపోకూడదు.

బాబా. మబ్రూక్, అంటే శుభాకాంక్షలు అంటాడు, సంతోషంగానే అంటాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఓబూల్, ఈసారి వేటకు ఖాళీయేనా?" అని భయం భయంగా అడుగుతాడు. "లేదు బాబా, ఎం.ఏ.కు కట్టాను. ఇంకో రెండేళ్లు పరీక్షలే" అని చెప్పి, ఆయన దిండుకు ఆనుకున్న చప్పుడు వినిపించేదాకా ఫోన్ పెట్టకూడదు.